క్రీడా విలేఖరులు – సామాజిక మాధ్యమములు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



మన గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభసమయమున క్రీడావార్తలను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. లెక్కలు వ్రాయువానికి ఆటల ముచ్చటతో పనియేమి యని కొందఱికి తోచవచ్చును. కాని మన పఠనమందిరములో ప్రతిదినమును ముందుగా నలిగి చిరుగునది క్రీడల పుటయే. ఆ పుటను నింపువారి పని తీరు మన కన్నుల యెదుటనే మారిపోయినది. ఈ మార్పు మంచిదా, చెడ్డదా యని వాదించుటకంటె, దానిని ఎట్లు వాడుకొనవలెనో యోచించుట మేలు. ఈ సభలో పత్రికలకు వార్తలు పంపు విలేఖరులున్నారు. పత్రికకు వ్రాయకున్నను చేతిలోని ఫోనుతో ఆటల విశేషములు లోకమునకు చాటు యువకులు ఇంకను ఎక్కువమంది యున్నారు. నా మాటలు ముఖ్యముగా వారి కొఱకు.

ఒకప్పుడు ఆటకును అచ్చునకును నడుమ ఒక రాత్రి యుండెడిది. విలేఖరి మైదానమునుండి తంతి ద్వారమునో, టెలిఫోను ద్వారమునో వార్త పంపెడివాడు. ఉపసంపాదకుడు దానిని చదివి, సందేహమున్నచో తిరిగి అడిగెడివాడు. అచ్చుతప్పులు దిద్దువాడు పేర్లను, అంకెలను సరిచూచెడివాడు. తెల్లవాఱుసరికి పత్రిక మన చేతికి వచ్చెడిది. ఆ రాత్రిని మనము ఆలస్యమనుకొంటిమి. నిజమునకు అది ఆలస్యము కాదు, తనిఖీ. 2006లో ట్విట్టరు పుట్టినది. 2023లో దాని పేరు ఎక్స్ అయినది. వాట్సాపు 2009లోను, ఇన్‌స్టాగ్రాము 2010లోను వచ్చినవి. వీని మూలమున విలేఖరికిని పాఠకునికిని నడుమ ఎవరును లేకుండ పోయిరి. ఆ రాత్రియును పోయినది. ఇప్పుడు ఆ తనిఖీని విలేఖరి తన మనస్సులోనే జరుపుకొనవలసి యున్నది. నేను చెప్పదలచినది ముఖ్యముగా ఇదియే.

లెక్కల వ్రాతలో చిట్టా యనియు, ఆవర్జా యనియు రెండు పుస్తకములు గలవు. ఏనాటి వ్యవహారము ఆనాడు వరుసగా ఎక్కించునది చిట్టా. ఖాతాల వారీగా తేల్చి వ్రాయునది ఆవర్జా. సామాజిక మాధ్యమము చిట్టా వంటిది. మఱునాటి పత్రిక ఆవర్జా వంటిది. చిట్టా త్వరగా వ్రాయవలసినదే. కాని త్వర పేరు చెప్పి రసీదు లేని పద్దును చిట్టాలోనైనను ఎక్కింపరాదు. చిట్టాలోని తప్పు ఆవర్జాలోనికి నడచి వచ్చును. అచటినుండి సాలు ముగింపు లెక్కలలోనికి పోవును.

ముందుగా మంచి వినియోగము చెప్పెదను. పత్రికలో క్రీడలకు దొరకు చోటు కొలత గలది. అందు క్రికెట్టు కూర్చున్న పిదప కబడ్డీకి, ఖోఖోకు, పరుగు పందెములకు మిగులునది కొద్ది. సామాజిక మాధ్యమమునకు ఆ కొలత లేదు. వరంగల్లు జిల్లా కల్లెడ గ్రామపు ఆడపడుచు జీవంజి దీప్తి 2024 మే నెలలో జపాను దేశపు కోబే నగరమున 400 మీటర్ల పరుగును 55.07 సెకండ్లలో ముగించి, తన తరగతిలో ప్రపంచ రికార్డు నెలకొల్పినది. అదే సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన పారిస్ పారాలింపిక్ క్రీడలలో కాంస్య పతకము గెలిచినది. ఇట్టి పందెమును చూచిన విలేఖరి అక్కడనే నిలిచి కాలమును, స్థానమును, ఒక మంచి మాటను వ్రాసి పంపినచో, ఆమె ఊరివారికి ఆ నిమిషముననే తెలియును. మన సంక్రాంతి కబడ్డీ పందెముల ఫలితము సయితము పొరుగు జిల్లా వారికి అందును. పాఠకుడు తన సందేహమును విలేఖరిని నేరుగా అడుగవచ్చును. ఏనాడో ఆడి మఱుగుపడిన క్రీడాకారుని ఛాయాచిత్రము ఎవరి పెట్టెలోనో యున్నచో బయటికి రావచ్చును. ఇంత మేలుగల సాధనమును కాదనుట అవివేకము.

ఇక జాగ్రత్తల సంగతి. సామాజిక మాధ్యమము వార్త వినుటకు చోటే గాని, వార్తను రుజువు చేయు చోటు కాదు. ఇందులకు అమెరికా దేశమున జరిగిన ఒక వృత్తాంతము గలదు. నోటర్‌డామ్ విశ్వవిద్యాలయపు ఫుట్‌బాల్ జట్టులో మాంటై టెయో యను యువకుడుండెను. 2012 సెప్టెంబరులో అతని అమ్మమ్మయు, అతడు ప్రేమించిన యువతియు కొద్ది గంటల తేడాలో మరణించిరనియు, ఆ దుఃఖమును దిగమ్రింగుకొని అతడు ఆడెననియు పత్రికలు వ్రాసినవి, టెలివిజనులు చూపినవి. దేశమంతయు కంట తడిపెట్టినది. 2013 జనవరి 16వ తేదీన డెడ్‌స్పిన్ అను క్రీడా పత్రిక అసలు సంగతి వెల్లడించినది. అట్టి యువతి లేనేలేదు. టెయో ఆమెను ముఖాముఖి చూచి యుండలేదు. పరిచయమంతయు అంతర్జాలము మీదను, టెలిఫోనులోను జరిగినది. ఎవరో ఆ పేరు కల్పించి అతనిని మోసగించిరి. ఆమె చిత్రములని చెప్పినవి, సజీవముగనున్న వేఱొక స్త్రీవి.

ఈ మోసమును బయటపెట్టినవారు చేసిన పని యేమి? ఆ యువతి చదివినదని చెప్పిన స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున విచారించిరి. ఆ పేరున విద్యార్థిని లేదు. ప్రభుత్వపు మరణ నమోదులు వెదకిరి. ఆ పేరున మరణము లేదు. అనగా రసీదు అడిగిరి. అంతకుముందు నెలల తరబడి వ్రాసినవారిలో ఈ రెండు ప్రశ్నలు వేసి జవాబు రాబట్టినవారు లేకపోయిరి. లేని మనిషికి చావు పద్దు వ్రాసిన లెక్క ఇది. సీతాన్వేషణమునకు పోయిన హనుమంతుడు తిరిగి వచ్చి శ్రీరామునితో ముందుగా చెప్పినది తాను చూచితినను మాట. పిమ్మట చేతికిచ్చినది చూడామణి. కన్నులార చూచుట యొకటి, ఆనవాలు తెచ్చుట యొకటి. విలేఖరికి ఈ రెండును కావలెను. కనీసము ఒకటియైనను లేనిచో నోరు మెదపరాదు.

నమ్మదగిన మనిషి చెప్పినచో రసీదు అక్కఱలేదు కదా యని అడుగవచ్చును. 2023 ఆగస్టు 23వ తేదీ మీకందఱకు జ్ఞాపకముండును; మన చంద్రయాన్-3 చంద్రునిపై దిగిన దినమది. ఆ ఉదయమున జింబాబ్వే క్రికెట్టు జట్టు మాజీ సారథి హీత్ స్ట్రీక్ మరణించెనను వార్త ఫోనులలో వ్యాపించినది. ఆయన కాన్సరు వ్యాధితో బాధపడుచుండుట నిజము. వార్తను ప్రకటించినవారిలో ఆయనతో కలసి ఆడిన హెన్రీ ఒలొంగా కూడ నొకరు. తోటి ఆటగాడే చెప్పిన పిదప సందేహమేల? అనేక పత్రికలు, వార్తా సంస్థలు ఆ మాటనే ఎత్తి వ్రాసినవి; క్రీడాకారులు సంతాపములు ప్రకటించిరి. కొన్ని గంటలలోనే ఒలొంగా, స్ట్రీక్ బ్రతికియున్నాడనియు, ఆయనతో తనకు సమాచారము నడచినదనియు తెలిపి, తన మాటను సరిదిద్దుకొనెను. అంత పెద్ద సంగతిని నిర్ధారణ లేకుండ వ్యాపింపజేయుట తన మనస్సు నొప్పించినదని స్ట్రీక్ స్వయముగ చెప్పెను. పదునొకండు దినముల పిదప, సెప్టెంబరు 3వ తేదీన, ఆయన నిజముగనే కన్నుమూసెను. బ్రతికిన ఆ కొద్ది దినములలో తన చావువార్తను తానే చదువుకొనవలసి వచ్చినది.

ద్రోణపర్వము చదివినవారికి ఇది క్రొత్త కాదు. అశ్వత్థామ మరణించెనను మాటను ద్రోణుడు ముందుగా నమ్మలేదు. ధర్మరాజు నోట వినగనే అస్త్రసన్న్యాసము చేసెను. చెప్పినవాడు సత్యవంతుడను నమ్మకమే అచట కొంప ముంచినది. ఒలొంగా ధర్మరాజువలె తెలిసి చెప్పినవాడు కాడు. ఆయనయు ఇతరుల మాట నమ్మినవాడే. కాని వినువారికి కలుగు ఫలమొక్కటే. కనుక చావువార్త యైనచో కుటుంబమువారినో, వైద్యశాలనో, అధికారముగల సంస్థనో అడుగనిదే వ్రాయరాదు. ఒకే మాటను నూఱుగురు తిరిగి ప్రకటించినంత మాత్రమున నూఱు సాక్ష్యములు కావు. ఒక రసీదునకు నూఱు నకళ్లు తీసినను సొమ్ము చెల్లినది ఒక్కసారియే.

మూడవ జాగ్రత్త, పూర్తిగా చదువుట. మన హైదరాబాదు బాడ్మింటన్ క్రీడాకారిణి పూసర్ల వెంకట సింధు 2020 నవంబరు 2వ తేదీన ఒక ప్రకటన వెలువరించినది. డెన్మార్కు ఓపెన్ పోటీ తన ఓర్పునకు తుది యనియు, తాను విరమించుచున్నాననియు మొదటి పుటలో పెద్ద అక్షరములతో నుండెను. చూచినవారి గుండె లదరినవి. కాని ఆ ప్రకటన మూడు పుటలది. తక్కినది చదివినచో, ఆమె విరమించుచున్నది ఆటనుండి కాదు. కరోనా కాలపు భయమునుండి, నిరాశనుండి, అనిశ్చితినుండి. మఱింత పట్టుదలతో ఆడెదనని అందులోనే వ్రాసినది. మఱుసటి సంవత్సరము ఆగస్టు 1వ తేదీన టోక్యో ఒలింపిక్ క్రీడలలో కాంస్య పతకము గెలిచినది. ఆమె ఆ విధముగ వ్రాయుట తగునా కాదా యను చర్చ వేఱు. విలేఖరికి మాత్రము మొదటి పుటతో ఆగు హక్కు లేదు. దస్తావేజులో మొదటి పంక్తి చదివి భూమి కొనువాడుండునా?

నాల్గవది, క్రీడాకారుడు స్వయముగ ప్రకటించిన మాటను గూర్చినది. 2024 ఫిబ్రవరి 26వ తేదీన రంజీ పోటీలలో ఆంధ్ర జట్టు మధ్యప్రదేశ్ చేతిలో 4 పరుగుల తేడాతో ఓడిన పిమ్మట, కాకినాడవాడైన హనుమ విహారి ఇన్‌స్టాగ్రాములో తన గోడు వెళ్లబోసికొనెను. జట్టులోని ఒక ఆటగానిని మందలించినందులకు సారథ్యము తననుండి తొలగించిరనియు, ఇక ఆంధ్ర పక్షమున ఆడననియు వ్రాసెను. ఆ ఆటగాడు తన వాదమును తానును ఇన్‌స్టాగ్రాములోనే ప్రకటించెను. ఆంధ్ర క్రికెట్టు సంఘము విచారణ జరిపెదమని తెలిపినది. ఇందెవరిది న్యాయమని తీర్పు చెప్పుట నా పని కాదు. క్రీడాకారుడు మధ్యవర్తి లేకుండ తన మాట తాను చెప్పుకొనగల్గుట మంచిదే. కాని అది అర్జీ, తీర్పు కాదు. అర్జీని నకలు తీసి అచ్చువేయుటతో విలేఖరి పని ముగియదు, అప్పుడే మొదలగును. రెండవ పక్షమును కలియవలెను, సంఘమువారి కాగితములు అడుగవలెను, ఆ దినమున అచట నున్నవారిని విచారింపవలెను. సంజయుడు ధృతరాష్ట్రునికి ఒక్క కౌరవ సేన సంగతియే చెప్పి యూరకొనలేదు. రాజునకు చేదైన మాటయైనను, పాండవుల పరాక్రమమును ఉన్నది ఉన్నట్లు చెప్పెను.

ఐదవది నడవడిని గూర్చిన మాట. వాట్సాపులో వ్రాయు మాట ఇద్దఱి నడుమనే యుండునని కొందఱు విలేఖరుల నమ్మకము. 2022 ఫిబ్రవరి 19వ తేదీన భారత జట్టు వికెట్ కీపరు వృద్ధిమాన్ సాహా, ఒక పాత్రికేయుడు తనకు పంపిన సందేశముల ప్రతిని, పేరు చెప్పకుండ, లోకమునకు చూపెను. ముఖాముఖి ఇయ్యనందులకు బెదిరించు ధోరణి అందు కనిపించెను. భారత క్రికెట్టు నియంత్రణ మండలి ముగ్గురు సభ్యులతో విచారణ జరిపించి, ఆ పాత్రికేయుని రెండేండ్లపాటు క్రీడాంగణములకును, క్రీడాకారుల ముఖాముఖులకును దూరముగ నుంచినది. కలము పట్టినవాడు ప్రశ్న అడుగవచ్చును, మఱల మఱల అడుగవచ్చును. జవాబు చెప్పనందులకు కక్ష కట్టరాదు. ఫోనులో వ్రాయు ప్రతి మాటయు నాలుగు వీధుల కూడలిలో అంటించినను సిగ్గుపడనక్కఱ లేనిదిగా నుండవలెను.

ఆఱవది అన్నిటికంటె బరువైనది. 2022 సెప్టెంబరు 4వ తేదీన దుబాయిలో జరిగిన ఆసియా కప్ పోటీలో, పాకిస్తాను జట్టుపై ఆడుచు, అర్ష్‌దీప్ సింగ్ అను ఇరువదిమూడేండ్ల యువకుడు ఒక క్యాచి జారవిడిచెను. ఆట పోయినది. ఆ రాత్రియే అతని దేశభక్తిని శంకించు దూషణలు వెల్లువెత్తినవి. వికీపీడియాలో అతనిని గూర్చిన పుటను సయితము ఎవరో తిద్ది, వేర్పాటువాదులతో ముడిపెట్టిరి. కేంద్ర ప్రభుత్వము ఆ సంస్థవారిని సంజాయిషీ అడిగినది. ఇట్టి సమయమున విలేఖరి యేమి చేయవలెను? దూషణ వార్త యగుమాట నిజమే. కాని తిట్లను ఏఱి, కూర్చి, మఱల ముద్రించుట వార్త కాదు. తిట్టినవాని పని తాను నెత్తిన వేసికొనుట. ఆ క్యాచి ఏ ఓవరులో జాఱినది, పిదప ఎన్ని పరుగులు వచ్చినవి, తక్కిన తప్పులేవి యని ఆటను ఆటగా వ్రాసినచో చాలును. ఆ యువకుడే 2024 ప్రపంచ ట్వంటీ20 కప్పులో 17 వికెట్లు తీసి, భారత జట్టు గెలుపునకు తోడ్పడెను. పెద్దవాడు గనుక అతడు తట్టుకొనెను. మన ఊరి బడిలో కబడ్డీ ఆడు పదునాలుగేండ్ల పిల్లవానినో, పరుగెత్తు ఆడపిల్లనో ఇట్లే ఫోనులలో నవ్వులపాలు చేసినచో, ఆ బిడ్డ తిరిగి మైదానమునకు వచ్చునా? ఒక్క వెక్కిరింత చిత్రముతో ఒక క్రీడాకారుని జీవితమే ముగిసిపోవచ్చును. ఆ నష్టమును ఏ లెక్కలోను జమకట్టలేము.

ఇన్ని జాగ్రత్తలు తీసికొన్నను తప్పు దొరలవచ్చును. అప్పుడేమి చేయవలెను? లెక్కల పుస్తకములో ఒక నియమము గలదు. తప్పుపడిన అంకెను గీకి చెరుపరాదు. దానిపై వేఱొక అంకె దిద్దరాదు. చదువుటకు వీలగునట్లు ఒక గీత గీసి, ప్రక్కన సరియైన అంకె వ్రాసి, తేదీ వేసి సంతకము పెట్టవలెను. సామాజిక మాధ్యమములందు తప్పును గుట్టుగ తొలగించుట సులభము. అందుచేతనే అది ప్రమాదము. తొలగించిన వ్రాత అప్పటికే వేయిమంది ఫోనులలో నిలిచియుండును. దిద్దుబాటు మాత్రము వారికి చేరదు. 2012 జనవరి 21వ తేదీ సాయంకాలమున అమెరికాలో ఒక విద్యార్థి పత్రిక, పెన్ స్టేట్ విశ్వవిద్యాలయపు ప్రఖ్యాత ఫుట్‌బాల్ శిక్షకుడు జో పటర్నో మరణించెనని ట్విట్టరులో ప్రకటించినది. సి.బి.యస్. క్రీడా విభాగమువారు ఆ వార్తను, ఎచటిదో చెప్పకయే, తమ పుటలో ప్రచురించిరి. వార్త తప్పు, ఆయన మఱునాటి ఉదయము గాని మరణింపలేదు. విద్యార్థి పత్రిక సంపాదకుడు ఆ రాత్రియే తప్పును బహిరంగముగ ఒప్పుకొని, క్షమాపణ చెప్పి, పదవిని విడిచెను. పెద్ద సంస్థయు క్షమాపణ చెప్పినది. చిన్నవాడైన ఆ విద్యార్థి చూపిన పద్ధతియే పద్ధతి. మఱియు, వార్త ఎవరినుండి వచ్చినదో చెప్పుట మర్యాద మాత్రమే కాదు. తప్పు జరిగినప్పుడు దాని మూలము వెదకుటకు అదియే దారి.

ఇంకొక్క మాట. తన సొంత పేరున వ్రాసికొను పుట తన సొంతమని కొందఱు విలేఖరులు తలంచెదరు. పగలు పత్రికలో నిష్పక్షపాతముగ వ్రాసి, రాత్రి ఫోనులో ఒక జట్టును పొగడి, వేఱొక జట్టును ఈసడించినచో, పగటి వ్రాతను ఎవరు నమ్ముదురు? అభిమానికి కేకలు వేయు హక్కు గలదు. అంపైరు తెల్లకోటు విప్పి కేకలు వేసినచో ఆట సాగదు. అభిప్రాయము చెప్పవచ్చును, అది అభిప్రాయమని తెలియునట్లు చెప్పవలెను.

పాఠకులమైన మనకును కొంత బాధ్యత గలదు. తొందరపడి అబద్ధము చెప్పినవానిని వేయిమంది అనుసరించి, నిదానించి నిజము చెప్పినవానిని పదుగురు చదివినచో, విలేఖరులు ఏ దారి పట్టుదురో వేఱుగ చెప్పనక్కఱలేదు. ఒక వార్త ఫోనులో చూడగనే ముందునకు త్రోయక, ఎవరు చెప్పిరి, వారికెట్లు తెలిసినది యని రెండు ప్రశ్నలు వేసికొందము. జవాబు దొరకనిచో మన చేతిలోనే ఆపుదము. మఱునాడు ఇచటికి వచ్చి రెండు పత్రికలు ప్రక్కప్రక్కన పఱచి సరిచూచుకొందము. ఈ బల్లలు, ఈ దీపములు అందుకొఱకే గదా యున్నవి. పాత సంపుటములు బీరువాలో భద్రపఱచుటయు అందుకొఱకే. ఏనాడు ఎవరేమి వ్రాసిరో వెనుకకు తిరిగి చూచుటకు వీలున్న ఊరిలో అబద్ధము ఎక్కువ కాలము నిలువలేదు.

మన యువకులలో ఆటలు ఆడువారు పెరుగుదురు గాక. వారి ఆటను ఉన్నది ఉన్నట్లు వ్రాయు విలేఖరులు మన ఊరినుండియే బయలుదేరుదురు గాక. మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి, ఈనాటి వారి వ్రాతలు ఈ బీరువాలలో సిగ్గుపడనక్కఱ లేకుండ నిలిచియుండవలెనని కోరుచున్నాను.